ముప్పై ఏడు గద్దలు

తెనాలి,
సెప్టెంబరు 29.

శ్రీమతి మస్తానమ్మ గారికి,
నమస్కారములు.

ఇక్కడ అందరం క్షేమం. పోయిన ఏడాది బాపట్ల రిజిస్ట్రారు ఆఫీసులో మన పిల్లల పెళ్ళి సంతకాలప్పుడు కలిసిన తర్వాత మనం మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడు మీ అమ్మాయి జ్యోతి మూలంగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

తను బాపట్లలో చేస్తున్న పరిశోధన గురించి మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. చలికాలానికి ముందు ఉత్తరాది నుంచి గద్దలూ డేగలూ మన ప్రాంతం మీదుగా దక్షిణానికి పోతాయట. వాటిని తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో ఒకే రోజున, ఒకే వేళకి లెక్కపెట్టాలట. తెనాలికీ రేపల్లెకీ కుదిరిన ఇద్దరు విద్యార్థులూ ఉద్యోగ పరీక్షలున్నాయని మానేశారు. అంచేత మా మేడ మీద నేను, మీ కరకట్ట మీద మీరు. ఆది, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు వరకు. నవంబరు ఆఖరి ఆదివారంతో సరి.

మనమిద్దరం ఈ లెక్క ఫోనులో చెప్పుకోకూడదని జ్యోతి షరతు పెట్టింది. ఒకరి అంకె వింటే రెండోవారి కళ్ళు దానికి తగ్గట్టు పనిచేస్తాయట. వారం తిరిగాక లెక్క కాగితం ఒక ప్రతి తనకీ, ఒక ప్రతి మనలో మనకీ పోస్టులో పంపుకోవాలి. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుందని.

నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. గద్ద అన్న మాట రాయడం తప్ప ఆ పక్షి గురించి నాకేమీ తెలియదు. మీరేమైనా చెప్పగలిగితే సంతోషిస్తాను.

ఇట్లు,
ఎన్. జయలక్ష్మి


రేపల్లె,
అక్టోబరు 4.

వదినగారికి,
మస్తానమ్మ రాసేది.

మీ ఉత్తరం పోస్టుమాన్ చేపల మార్కెట్‌కే తెచ్చిచ్చాడు. నా పేరుకి ముందు శ్రీమతి, వెనకాల గారు చూసి కోర్టు కాగితమేమో అనుకున్నాడంట. మావైపు వియ్యపురాలిని వదినా అనే అంటాం. మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి. మానను గానీ తెలుసుకుంటాను.

ఉత్తరాలు రాసి పాతికేళ్ళయింది. పది పాసయ్యాను, అక్షరాలు మర్చిపోలేదు, చెయ్యే మొరాయిస్తుంది. లెక్క రోజుల్లో బుట్ట మా తోటికోడలికి అప్పజెప్పి పెనుమూడి కరకట్ట మీదకి పోతున్నాను. మా ఆయన పడవ మీదున్నప్పుడు ఎండకి కట్టుకునే పాత తువ్వాలు నా తలకి చుట్టుకుని కూర్చుంటే, రేవు దాటేవాళ్ళు తప్పిపోయిన మేకల కోసం చూస్తున్నావా అని అడుగుతున్నారు.

మీరడిగారు కాబట్టి చెప్తున్నాను. పొలాల మీద కిందుగా, రెక్కలు పైకెత్తి అటూ ఇటూ ఊగుతా పోయేది పిల్లిగద్ద. గాల్లో ఒకచోటే నిలబడి రెక్కలాడించేది తొండల్ని పట్టేది. తోక చేపతోకలాగా చీలి ఉంటే అది మన ఊరి నల్లగద్ద, దాన్ని లెక్కేస్తే జ్యోతి ఊరుకోదు. ఎనిమిదింటికి ఏమీ రావు. ఎండెక్కి నేల వేడెక్కాక ఆ వేడి గాలి మీద లేస్తాయి. మీరు తొమ్మిదిన్నర దాకా కాఫీ తాగచ్చు, కాకపోతే మేడ మీద కూర్చునే తాగండి.

ఈ వారం నా లెక్క పన్నెండు.

మీ వదిన,
మస్తానమ్మ


తెనాలి,
అక్టోబరు 11.

మస్తానమ్మ వదినగారికి నమస్కారాలు.

ముందు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ కాగితంలో గద్దకి దవత్తు మరిచారు. "పన్నెండు గదలు ఎగిరి వెళ్ళినవి" అని పడింది. చదివి మావారు, రేపల్లె మీదుగా ఆంజనేయస్వామి పరివారంతో వెళ్ళాడా అని అడిగారు. ముప్పై రెండేళ్ళ అలవాటు వదినగారూ, ఎర్ర సిరా చేతికి దానంతటదే వస్తుంది.

మీరు చెప్పిన గుర్తులు నాకు దారి చూపించాయి. బుధవారం పదింటికి పడమటి పొలాల మీద ఒకటి కనబడింది. వరి మీద అడుగెత్తున, అంట్లు తోముకుంటూ పాట పాడుకునే మనిషిలా తీరిగ్గా ఊగుతూ పోయింది. వెనకాల తోక మొదట్లో తెల్లమచ్చ. పిల్లిగద్దే. నాకు అరవై రెండేళ్ళు. ఈ ఇంట్లో ముప్పై ఐదేళ్ళుగా ఉంటున్నాను. ప్రతి శరత్తులోనూ ఇవి నా ఇంటి పక్కనుంచే పోతుంటే, నేను కింద వంటింట్లో ఉన్నానన్నమాట.

పక్కింటి మాణిక్యమ్మగారు రోజూ గోడ మీంచి అడుగుతోంది. "ఏంటండీ, ఎవరింట్లోకి చూస్తున్నారు?" అని. ఆకాశంలోకండీ అన్నాను. నమ్మలేదు. ఆరేసిన చీరలన్నీ లోపలికి తీసుకుపోయింది.

ఈ వారం నా లెక్క తొమ్మిది. మీ పోయిన లెక్కకంటే మూడు తక్కువ. కొంచెం అసూయగానే ఉంది.

మీ
జయలక్ష్మి


రేపల్లె,
అక్టోబరు 16.

వదినగారికి,

దవత్తు ఇదిగో: గద్ద, గద్ద, గద్ద, గద్ద. నాలుగు ఎక్కువే పంపుతున్నాను, ముందు ముందు ఎక్కడైనా మరిస్తే వీటిలోంచి తీసి పెట్టుకోండి.

ఈ ఆదివారం కృష్ణ మీద ఒక పెద్ద పని జరిగింది. కొరమీను గద్ద అని ఒకటుంటుంది, రొమ్ము తెలుపు, కంటికి నల్ల పట్టీ. అది చెట్టంత ఎత్తులో నిలబడి నిలబడి, కాళ్ళు ముందుకి చాపి రాయి పడ్డట్టు నీళ్ళల్లో పడింది. లేచేసరికి కాళ్ళల్లో మూరెడు బొంతచేప. ఎగురుతానే చేపని తిప్పి తలకాయ ముందుకి పెట్టుకుంది. గాలికి అడ్డం పడకుండా అంట. పుట్టినప్పట్నుంచీ దాన్ని చూస్తానే ఉన్నాను, ఆ తిప్పడం మాత్రం జ్యోతి ఇచ్చిన బైనాక్యులర్స్‌లోనే చూశాను. మా రేవులో నలుగుర్ని పిలిచి నలుగురికీ చూపించాను. ఒకాయన, "మనకి వలలు ఎందుకక్కా, దాన్నే పెంచుకుందాం" అన్నాడు.

ఈ పని అయ్యాక ఒకరోజు మీరు రండి వదినా. పెళ్ళయి ఏడాదిన్నర. మా ఇల్లు మీరు చూడలేదు.

ఈ వారం పందొమ్మిది.

మస్తానమ్మ


తెనాలి,
అక్టోబరు 22.

శ్రీమతి మస్తానమ్మ గారికి,

లెక్క కాగితం జత చేశాను. శుక్రవారం 6. ఆదివారం, 20వ తేదీ, 37.

ఇంట్లో చుట్టాలుండటం వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను.

ఇట్లు,
ఎన్. జయలక్ష్మి


రేపల్లె,
అక్టోబరు 27.

వదినగారికి,

మళ్ళీ శ్రీమతిని అయిపోయాను. ఏం తప్పు చేశానో అని మీ పాత ఉత్తరాలన్నీ తీసి చదువుకున్నాను, నాకు దొరకలేదు.

ఇరవయ్యో తేదీ ఇక్కడ పొద్దున్నే పట్టిన వాన సాయంత్రం దాకా వదల్లేదు. గొడుగు కింద నాలుగు గంటలూ కూర్చున్నాను. నా కాగితంలో సున్నా ఉంది, చూసే ఉంటారు. మీకు ముప్పై ఏడు కనబడ్డాయంటే తెనాలిలో ఎండ కాసిందా అని అడుగుదామనుకున్నాను. ఈలోగా జ్యోతి వచ్చింది.

దాని సంతోషం చెప్పలేను వదినా. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "చూశావా అమ్మా, తీరంలో వాన పడితే గద్దలు దారి మార్చుకుని తెనాలి మీదుగా పోతున్నాయి. ఇది ఇంతవరకూ ఎవరూ చూడలేదు" అంది. మూడు రోజులు కూర్చుని మ్యాపు గీసింది. రేపల్లె నుంచి తెనాలికి ఎర్ర గీత, దాని మీద 37. నవంబరు పదిన బాపట్లలో పక్షుల మీద జరిగే సభలో ఇదే చెప్తుందంట. హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. మా అత్తయ్య కనిపెట్టింది అని చెప్తానంది.

మీకు ఆ రోజు నిజంగా అంత బాగా కనబడ్డాయా వదినా? ఊరికే అడుగుతున్నాను.

మస్తానమ్మ


తెనాలి,
నవంబరు 1.

వదినగారికి,

మీరు ఊరికే అడగలేదని నాకు తెలుసు. మీరు అలా అడిగినందుకే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

ఇరవయ్యో తేదీన తెనాలిలోనూ వానే. లెక్కకి నేను మేడ ఎక్కలేదు. ముప్పై ఏడు నేను వేసిన అంకె. వానకి ఎక్కడం మానేశానని రాసినా సరిపోయేది. ఎక్కకపోవడానికి కారణం వాన కాదు. అందుకే కాబోలు, కాగితం ముందు పెట్టుకునేసరికి చెయ్యి ఖాళీగా వదలలేకపోయింది. సున్నా అంటే ఎందుకని అడుగుతారు, కనబడ్డాయంటే ఎవరూ అడగరనుకుని పెద్ద అంకే వేశాను.

ఆ రోజు కారంచేడు నుంచి మా బావగారు రంగనాయకులుగారూ, అక్కయ్యా వచ్చారు. మావారి అన్నగారు, ఆ ఇంటికి పెద్ద ఆయనే. బైనాక్యులర్స్ బల్ల మీద ఉంటే అక్కయ్య చూసి "ఏంటి జయా ఇది?" అంది. కోడలి చదువు కోసం గద్దల్ని లెక్కపెడుతున్నానని చెప్పాలి. చెబితే కోడలి గురించి మాట వస్తుంది, రేపల్లె గురించి వస్తుంది, రేపల్లెలో ఇంకెవరు లెక్కపెడుతున్నారని వస్తుంది. మావారి పాత వస్తువు అని చెప్పి బీరువాలో పెట్టేశాను.

ఆ మాటలు ఎందుకు రాకూడదో చెప్పాలి కదా. పెళ్ళప్పుడు కారంచేడులో నేను, అమ్మాయి వాళ్ళది రేపల్లెలో ఎక్స్‌పోర్ట్ వ్యాపారం అని చెప్పాను. చేపల బుట్ట అనలేదు, పడవ అనలేదు. పిల్లలు సంతకాలతో చేసుకున్నది మంచిదే అయింది, ఇద్దరి వాళ్ళూ ఒక పందిట్లో కూర్చోలేదు అని లోపల సంతోషించాను కూడా. మీ ఇంటికి ఏడాదిన్నరగా ఎందుకు రాలేదంటే, ఇదీ కారణం.

జ్యోతి మ్యాపు గీసిందని చదివిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి. అడిగే అర్హత లేదని తెలిసే అడుగుతున్నాను.

జయలక్ష్మి


రేపల్లె,
నవంబరు 4.

వదినగారికి,

ఎక్స్‌పోర్ట్ సంగతి నాకు పెళ్ళయిన నెలకే తెలుసు. మా చెల్లెలు వాడరేవులో చేపలమ్ముతుంది. ఆదివారం ఆదివారం కారంచేడు నుంచి మీ అక్కగారు కారులో వచ్చి దాని దగ్గరే కొంటుంది. మా తెనాలి మరిది కొడుక్కి రేపల్లె ఎక్స్‌పోర్టర్ల పిల్లని చేశారని ఆవిడే చెప్పింది. ఎవరని అడిగితే మా ఆయన పేరు చెప్పింది. మా చెల్లెలు రొయ్యలు తూస్తా తూస్తా తక్కెడ వదిలేసిందంట.

అది వచ్చి నాకు చెప్పిన రోజు నవ్వాను. దాని ముందు నవ్వాను. అది పోయాక రెండు రోజులు బుట్ట ఎత్తలేదు. అది మీకు చెప్పకుండా ఉంటే నేనూ అబద్ధం రాసినట్టే అవుతుంది కాబట్టి రాశాను. జ్యోతికి మాత్రం చెప్పలేదు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య అది ఎందుకు నలిగిపోవాలి?

ఇక మీరడిగింది. పదో తేదీ లోపల బాపట్ల వెళ్ళి దానితో చెప్పండి. ఫోనులో వద్దు, ఎదురుగా. తిడుతుంది. దాని తిట్లు నాకు తెలుసు, గట్టిగా ఉంటాయి గానీ తొందరగా అయిపోతాయి. నేను చెప్పను. నేను చెబితే మీరు దొంగ అవుతారు, మీరు చెబితే పొరపాటు చేసిన మనిషి అవుతారు.

భోంచేసి వెళ్ళండి. ఖాళీ కడుపుతో తిట్లు తినకూడదు.

మస్తానమ్మ


తెనాలి,
నవంబరు 11.

వదినగారికి,

మీరు చెప్పినట్టే భోంచేసి, గురువారం రైలెక్కాను.

జ్యోతి గోడకి మ్యాపు అంటించి ఉంది. దాని ముందే నిలబడి చెప్పాను. తను ఆ 37 మీద వేలు పెట్టి చూసింది. తర్వాత, "అసలు పైకే ఎక్కలేదా అత్తయ్యా?" అంది.

"బట్టలు తియ్యడానికి ఒకసారి ఎక్కానమ్మా."

"అప్పుడేమైనా కనబడిందా?"

"ఒక కాకి తడుస్తూ కూర్చుంది."

తను నవ్వలేదు. మ్యాపు ఊడదీసి చుట్టి పక్కన పెట్టింది. "పదిమంది ముందు నేను అబద్ధం చెప్పేదాన్ని. నా పేరు మీద అచ్చయ్యేది. మీకు ఆ సంగతి తెలుసా?" అంది. తెలుసమ్మా, అందుకే వచ్చాను అన్నాను. మా అబ్బాయి సుమంత్ ఇంకా కోప్పడ్డాడు. వాణ్ణి తనే ఆపి, అక్టోబరు ఇరవై గడి దిద్దడం మొదలుపెట్టింది. 37 కొట్టేసి "పరిశీలన లేదు" అని రాసి, పక్కన కారణం రాయాలి చెప్పండంది. చుట్టాలొచ్చారని రాయి అన్నాను.

"చుట్టాలొస్తే మేడెక్కకూడదా?"

అక్కడ దొరికిపోయాను. మీకు రాసిందంతా తనకీ చెప్పాను. తల వంచుకుని విన్నది. ఆ నిమిషంలో నా కోడలు నాకంటే పెద్దదానిలా కనబడింది వదినగారూ. చివరికి కలం తీసి కారణం గడిలో, "పరిశీలకురాలి మొహమాటం" అని రాసింది. రాసి నా వైపు చూసి, "అక్షరదోషాలేమైనా ఉన్నాయా అత్తయ్యా?" అంది. లేవన్నాను. అప్పుడు ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బాపట్లనుంచే బావగారికి ఫోన్ చేసి ఆదివారం సభకి రమ్మన్నాను. ఒక్కరే వచ్చారు. వరండాలో టీ తాగుతుండగా సంగతి చెప్పాను. "ఎక్స్‌పోర్టర్లు కాదా?" అన్నారు. "కాదండి. సముద్రం మీద చేపలు పడతారు, రేపల్లె మార్కెట్‌లో అమ్ముతారు. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. టీ అంతా తాగి కప్పు కింద పెట్టి, "మా ఆవిడ ఊరందరికీ చెప్పుకుంది. ఇప్పుడు దానికెవరు చెప్తారు?" అన్నారు. మీరే చెప్పాలి బావగారూ అన్నాను. లోపలికెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు.

జ్యోతి చక్కగా మాట్లాడింది. ఎర్ర గీత లేదు, దాని బదులు మీ కొరమీను గద్ద కథ చెప్పింది, చేపని తిప్పే సంగతి. హైదరాబాదు వాళ్ళకి అదే నచ్చింది. మా అమ్మ చూసింది, చేపలమ్ముతుంది, ఆవిడ చెప్పే గుర్తులతోనే మేమంతా పక్షుల్ని పోల్చుకుంటున్నాం అంది. అప్పుడు బావగారు లేచి, "మా కారంచేడు మీద ఎవరూ లెక్కపెట్టడం లేదా అమ్మా?" అని అడిగారు. మనిషి దొరకలేదండి పెదమావగారూ అంది. ఆయన మళ్ళీ కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు నాతో మాట్లాడలేదు. అక్కయ్య ఇంతవరకు ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోవచ్చు.

లెక్క రోజని మీరు రాలేకపోయారు. మా మేడ మీద ఆ రోజు మావారు కూర్చున్నారు. నాలుగన్నారు. అందులో మూడు మన ఊరి నల్లగద్దలని నా అనుమానం, ఆ మాట కాగితం మీదే రాశాను.

మీ
జయలక్ష్మి


రేపల్లె,
నవంబరు 16.

వదినగారికి,

మీ ఉత్తరం తోటికోడలికి చదివి వినిపించాను, కాకి దగ్గర రెండుసార్లు చదివించుకుంది.

మొన్న వాడరేవులో జరిగింది మీకు చెప్పాలి. మీ అక్కగారు వారం మధ్యలోనే వచ్చిందంట. కారు దిగి మా చెల్లెలి ముందు నిలబడి, "నువ్వు రేపల్లె మస్తానమ్మకి ఏమవుతావు?" అని అడిగింది. చెల్లెల్నండి అంది ఇది. ఆవిడ కాసేపు దాని మొహం, కాసేపు బుట్ట చూసింది. తర్వాత ఎప్పటిలాగే వంద వంకలు పెట్టి బేరమాడింది. ఎప్పటిలాగే ఇది దిగలేదు. ఇంక పోతుందనుకుంటే ఆగి, "చుట్టాలైనా తగ్గించవా?" అందంట. మా చెల్లెలు ఒక గుప్పెడు రొయ్యలు ఎక్కువ వేసింది. ఆవిడ వద్దనలేదు. మీతో ఎప్పుడు మాట్లాడుతుందో నాకు తెలియదు గానీ, మాతో అయితే మాట్లాడేసింది.

ఇరవై నాలుగు ఆఖరి రోజు. అన్నయ్యగారిని మేడ ఎక్కించి మీరు ఇక్కడికి రండి. చిన్న డేగలు గుంపులుగా దిగే రోజులివి. నేనొక్కదాన్నే లెక్కపెట్టలేకపోతున్నాను, ఇంకో జత కళ్ళు కావాలి. రాత్రే బయల్దేరక్కర్లేదు, పొద్దుటి రైలు చాలు.

మస్తానమ్మ


తెనాలి,
నవంబరు 26.

వదినా,

ఇంటికి చేరాను. కాళ్ళకి కరకట్ట దుమ్ము ఇంకా ఉంది.

ఆ గుంపు గురించి మావారికి చెప్పడానికి ప్రయత్నించాను, చేతకాలేదు. నది అవతలి నుంచి పొగలా వచ్చి, మన తల మీదకొచ్చాక ఒక్కొక్కటిగా విడిపోయి, తూనీగల్ని కాళ్ళతో పట్టి ఎగురుతూనే తిన్నాయి చూశారూ, అక్కడ నేను లెక్క తప్పాను. మీరు మోచేత్తో పొడిచి "నూట నలభై, ఆపొద్దు" అనకపోతే నోరు తెరుచుకుని అలాగే ఉండేదాన్ని. మీకు రెండు వందల పన్నెండు, నాకు నూట తొంభై ఎనిమిది. జ్యోతి రెండూ రాయమంది. నాది తక్కువైనా, ప్రతి ఒక్కటీ నేను చూసిందే.

మీ ఇంట్లో మధ్యాహ్నం నేను రెండోసారి పులుసు అడిగినప్పుడు మీరు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. చూశాను. పొగ అన్నారు. గ్యాసు పొయ్యికి పొగ ఉండదు వదినా.

బావగారు నిన్న ఫోన్ చేశారు. వచ్చే ఏడాదికి కారంచేడులో మేడ ఎత్తు చాలుతుందా, బైనాక్యులర్స్ ఎక్కడ దొరుకుతాయని అడిగారు. అక్కయ్య పక్కనే ఉన్నట్టుంది. పలకలేదు గానీ, ఆయన ఆగినప్పుడల్లా ఇంకేదో అడగమని గొణగడం వినబడింది.

అసలు సంగతి రైల్లో జరిగింది. మీరు అరిటాకులో చుట్టి, పైన గోనెపట్టా కట్టి ఇచ్చిన చేప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వేమూరు దాటేసరికి పెట్టె అంతా వాసన. ఎదురు సీట్లో పట్టుచీర కట్టుకున్నావిడ, పెళ్ళికి పోతున్నట్టుంది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసి నా దగ్గర ఆగింది.

"చేపలాండి?" అంది.

"అవునండి. మా వియ్యపురాలు ఇచ్చింది. రేపల్లెలో వాళ్ళది చేపల వ్యాపారం, సొంత పడవుంది" అన్నాను. క్లాసులో చివరి బెంచీకి వినబడే గొంతుతో అన్నట్టున్నాను, పెట్టెలో అందరూ తిరిగి చూశారు.

ఆవిడ కొంగు తీసేసింది. ముందుకి వంగి, "ఏం చేపండీ?" అని అడిగింది.

నాకు తెలియలేదు వదినా. చెరువు చేపలు నాలుగు తప్ప నాకు పేర్లు రావు. వెండిలా మెరుస్తుంది, పెద్ద కళ్ళు అని చెప్పాను. అటు కూర్చున్నాయన ఒక పేరన్నాడు, కిటికీ దగ్గరాయన కాదని ఇంకోటన్నాడు, తెనాలి వచ్చేదాకా పెట్టె పెట్టెంతా అదే వాదన. దిగేటప్పుడు ఆవిడ, కనుక్కుని చెప్పండి అని తన ఫోన్ నంబరు రాసిచ్చింది.

దాని పేరేంటో వెంటనే రాయండి. ఆవిడ ఎదురుచూస్తుంటుంది.

మీ వదిన,
జయ